యోబుగారి శంకుస్థాపన

ఆ ఆదివారం పొద్దున యోబు అనుకున్న కార్యక్రమం చాలా చిన్నది. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు తొడుక్కుని, ప్రార్థన మొదలుకాకముందే దిల్‌సుఖ్‌నగర్‌లోని చర్చికి చేరుకోవాలి. నెలలో మొదటి ఆదివారం కాబట్టి ప్రభు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం పళ్లేలు పట్టుకుని వరసల మధ్య నడిచి అందరికీ ఇచ్చే పని సంఘపెద్దలది. యోబును ఈ మధ్యే సంఘపెద్దగా ఎన్నుకున్నారు. పళ్లెం పట్టుకోవడం ఇవాళే మొదలు. ఇంత చిన్న కార్యక్రమానికి ఎవరూ అడ్డం రారని అతను అనుకున్నాడు. యాభై దాటిన మనిషి అలా అనుకోకూడదు.

యోబు ఒక కోచింగ్ సెంటర్లో ఎలక్ట్రీషియన్. ఫ్యాన్లు, మైకులు బాగుచేస్తూ నిచ్చెన మీద నిలబడి, ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలకు చెప్పే ఆర్థికశాస్త్రం పాఠం ఏళ్ల తరబడి వింటూ వచ్చాడు. అభివృద్ధి పైనుంచి కిందికి మెల్లగా కారుతూ వస్తుందని సారు బోర్డు మీద ఏటేటా ఒకే బాణం గీసేవాడు. యోబు నిచ్చెన మీదున్నా కిందున్నా, అతని మీద కారింది మాత్రం ఏసీ నీళ్లే. ఒకప్పుడు ఇలాంటివి చూస్తే కోపం వచ్చేది. టీ కొట్టు దగ్గర గొంతు చించుకుని వాదించేవాడు. ఇప్పుడు అలసట తప్ప ఏమీ రావడం లేదు. ఎవరైనా దేశం సంగతి ఎత్తితే టీ తొందరగా తాగేసి లేచిపోతున్నాడు.

ఆ అలసటలో సగం గుంత వల్ల వచ్చింది. ఎల్‌బీ నగర్ వెనక గుట్టకింద బస్తీలో, సరిగ్గా యోబు ఇంటి గడప ముందు, డ్రైనేజీ పైపు వేస్తామని వానలకు ముందు గల్లీ పొడుగునా తవ్వి వెళ్లారు. తవ్వడం ఒక కాంట్రాక్టరుది. పైపు వేయడం ఇంకొకరిది. పూడ్చడం ఎవరిదో ఇంకా తేలలేదు. వానలొచ్చి పోయాయి, చలి కూడా వచ్చింది. యోబు చెప్పులరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగాడు. బస్తీవాళ్లు గుంత మీద ఒక చెక్క వేసుకుని సర్దుకున్నారు. సర్దుకోలేనిది ఒక్క లింగమ్మ.

లింగమ్మ యోబు తల్లి. ఆమె మోకాళ్లు ఎప్పుడో మొండికేశాయి. చదునైన నేల మీద కర్ర పోటు వేసుకుని నడుస్తుంది గాని, ఊగే చెక్క మీద అడుగు పెట్టలేదు. అయినా ప్రతి మొదటి ఆదివారం తెల్లచీర కట్టుకుని గడపలో కూర్చుంటుంది. మధ్యాహ్నం దాకా చూసి, చీర మడిచి పెట్టెలో పెట్టేస్తుంది. ఆ మడత పెట్టడం చూడలేక యోబు ఆ వేళకు ఇంట్లో లేకుండా చూసుకునేవాడు.

"పోసిన్రా గుంత?" అని అడిగింది లింగమ్మ ఆ పొద్దున కూడా.

"ఇంకా లేదే అవ్వా."

"పోయిన నెల గూడ గిట్లనే అన్నవ్."

"పోయిన నెల గూడ గిట్లనే ఉండె గద."

యోబు భార్య సాధన ఇస్త్రీ చొక్కా అందిస్తూ మధ్యలో వచ్చింది. "అత్తా, ఈయన, శాంసన్ చెరో దిక్కు పట్టుకొని ఎత్తుకపోతరు. రెండు నిమిషాల పని."

"సచ్చినంక మొయ్యుండ్రి, ఇప్పుడే వద్దు."

"పోనీ పాస్టరయ్యగారినే ఇంటికి పిలుస్తం. ఈడ్నే బల్ల ఇస్తడు."

"నేనేమన్న మంచాన పడ్డనా? నా కాళ్ల మీద నేను పోయి తీసుకుంట. లేకుంటే లేదు." లింగమ్మ కొంగు సర్దుకుని గుంతలోకి చూస్తూ కూర్చుంది.

యోబు స్కూటర్ దగ్గరికి వెళ్లాడు. తన్నాడు. అది కదలలేదు. తెల్ల ప్యాంటుకు మసి అంటుతుందని సాధన కేకేసింది. చివరికి మేనల్లుడు శాంసన్‌కు ఫోన్ చేశాడు. శాంసన్ ఒక రియల్ ఎస్టేట్ ఆసామి దగ్గర డ్రైవరు. ఓనరు ఊళ్లో లేడు. దిక్కులు పిక్కటిల్లే హారను ఉన్న నల్లటి పెద్ద కారు ఇవాళంతా శాంసన్ చేతిలోనే ఉంది.

"మెయిన్ రోడ్ల నిలబడు మామా, అయిదు నిమిషాల్ల ఒస్తా. గల్లీలకైతే బండి రాదు గద," అన్నాడు శాంసన్.

ముందు సీటు నిండా ఓనరు ఫ్లాట్ల కరపత్రాలు ఉన్నాయి. యోబు వెనక కూర్చున్నాడు. వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, పిడి విరిగింది. దిగాలంటే శాంసనే వచ్చి తీయాలి. యోబు కంటికి ఈ మధ్యే శుక్లం ఆపరేషన్ అయింది. ఎండ తగలకూడదని డాక్టరు ఇచ్చిన నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు. వీటిలో ఏ ఒక్కటీ అతని తప్పు కాదు. చెప్పొచ్చేదేమిటంటే, మెట్రో పిల్లర్ల కింద దిల్‌సుఖ్‌నగర్ వైపు పోతున్న ఆ కారులో వెనక సీట్లో కూర్చున్నది ఎవరని దారిన పోయే ఎవరినడిగినా, కోచింగ్ సెంటర్ ఎలక్ట్రీషియన్ అని మాత్రం చెప్పరు.

చర్చికి వెళ్లే దారి గోదావరి ఎన్‌క్లేవ్ అనే కాలనీలోంచి పోతుంది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఉద్యోగస్తుల కాలనీ అది. ఆ రోజు అక్కడ రోడ్డుకు అడ్డంగా షామియానా వేసి ఉంది. కుర్చీలు, మైకు, డప్పులవాళ్లు, అరడజను మొహాలున్న ఒక ఫ్లెక్సీ కనిపించాయి. ఇంకా పైపు వేయని కొత్త మంచినీటి లైనుకు శంకుస్థాపన జరుగుతోంది. వార్డు ఎన్నికలు దగ్గరపడుతున్నాయి కాబట్టి అధికార పార్టీ కొత్త ఇన్‌ఛార్జి రామమోహనరావు ఆ పనికి వస్తున్నాడు. ఆయన్ని వేసి వారం కూడా కాలేదు. ఫ్లెక్సీలో ఆయన మొహం చివర్లో ఎక్కడో ఇరికించారు. ఆయన కూడా నల్లకళ్లద్దాలే పెట్టుకుని ఉన్నాడు.

"ఇగ బండి పోదు మామా. చర్చి గా మూల మీదనే గద, నడుసుకుంట పో," అంటూ శాంసన్ గబగబా దిగి, చుట్టూ పరుగెత్తి వచ్చి తలుపు తీశాడు. యోబు దిగాడు. వంద మంది అతని వంకే చూస్తున్నారు. చర్చిలో అలవాటైన ప్రాణం కదా, పదిమంది కనబడగానే చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

"వందనాలు," అన్నాడు యోబు, అందరి వైపూ తిరుగుతూ.

వెంటనే డప్పులు మోగాయి.

దండ పట్టుకుని ముందుకు దూకిన పెద్దమనిషి గంగాధరరావు. కాలనీ సంఘం అధ్యక్షుడు, బీమా కంపెనీలో అధికారిగా చేసి రిటైరయ్యాడు. రోజూ తెల్లవారకముందే కాలనీ వాట్సాప్ గ్రూపులో 'దేశం ఎటు పోతోంది' అంటూ రాజకీయాల మీద, ఆర్థిక వ్యవస్థ మీద తన ఆలోచనలు మూరెడు పొడుగున రాసి పెడతాడు. అందరూ చదవకుండానే బొటనవేలు గుర్తు పెడతారు. దేశం ఆయన చెప్పినట్టు వినడం లేదు గాని, ఈ నీళ్ల లైను మాత్రం తాను ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించాడు. అందుకే ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

"రండి రండి రామమోహనరావు గారూ! మీ కోసమే చూస్తున్నామండీ."

"సార్, నేను..."

"తెలుసండీ, ట్రాఫిక్కు. మీరేం చెప్పక్కర్లేదు." దండ మెళ్లో పడింది. వెనకే శాలువా.

సంఘం కార్యదర్శి విజయదుర్గ ఫ్లెక్సీ వైపు ఒకసారి, యోబు వైపు ఒకసారి చూసింది. గంగాధరరావు చెవిలో మెల్లగా అంది. "ఫొటోలో కాస్త తెల్లగా, లావుగా ఉన్నారు కదండీ?"

"ఫొటోలో అందరూ తెల్లగానే ఉంటారమ్మా, ఆధార్ కార్డు మీద తప్ప."

యోబుకు విషయం అర్థమైంది. "సార్, నేను చర్చికి పోవాలె. బల్ల ఉన్నది ఇయ్యాల. ఆల్రెడీ లేటయింది," అన్నాడు.

"తప్పకుండా వెళ్దురు గాని. ఎన్నికలన్నాక అన్ని మతాలవాళ్లనీ చూసుకోవాలి కదా! ఇక్కడ పావుగంటలో అయిపోతుంది."

"అది కాదు సార్. మీరు పొరపాటు పడుతున్నరు. నేను లీడర్‌ను గాను."

గంగాధరరావు జనం వైపు తిరిగాడు. "విన్నారా? నాయకుణ్ని కానంటున్నారు! సేవకుణ్ని అంటున్నారు!" జనం చప్పట్లు కొట్టారు. యోబు చెయ్యి గట్టిగా పట్టుకుని వేదిక మీదికి నడిపించాడు. యోబు వెనక్కి తిరిగి శాంసన్ కోసం చూశాడు. శాంసన్ అప్పటికే కాలనీవాళ్లు ఇచ్చిన ఇడ్లీ తింటున్నాడు.

పంతులుగారు కొబ్బరికాయ చేతికిచ్చారు. యోబు దాన్ని పట్టుకుని నిలబడిపోయాడు. కొడితే మొదటి రోజే చర్చి సంఘం ముందు మొహం చెల్లదు. కొట్టకపోతే ఇంతమంది మనసు నొచ్చుకుంటుంది. "నేను కొట్టొద్దండి. మీరే ఎవరన్న కొట్టుండ్రి," అన్నాడు చిన్న గొంతుతో.

"మహిళల చేత కొట్టిద్దామంటారా? చాలా మంచి ఆలోచనండీ!" గంగాధరరావు కాయ తీసి విజయదుర్గ చేతిలో పెట్టాడు. పన్నెండేళ్లుగా కార్యదర్శిగా ఉండి ఒక్క కాయ కూడా కొట్టని విజయదుర్గకు, ఆ క్షణం నుంచి రామమోహనరావు మీద ఏ అనుమానమూ లేకుండా పోయింది.

తర్వాత ఉపన్యాసం. మైకు కీచుమంది. యోబు చెయ్యి అలవాటు కొద్దీ వైరు దగ్గరికి పోయి, పిన్ను తీసి, ఊది, తిరిగి పెట్టింది. మైకు బాగైంది. "ఎంత నిగర్వి!" అని ముందు వరసలో ఎవరో అన్నారు. యోబుకు ఏం మాట్లాడాలో తెలియలేదు. ఎలాగూ బయటపడాల్సిందే, ఉన్నమాట చెప్పి దిగిపోదామనుకున్నాడు.

"అందరికి వందనాలు. గీ లైను అయితదో కాదో నాకు తెల్వది. తవ్వెటోళ్లు ఒస్తరు, తవ్వి పోతరు. మళ్ల పూడిచెటోళ్లు రారు. ఆఫీసుకు పోతే గా ఆఫీసు అంటరు, ఆడికి పోతే ఈడికి పొమ్మంటరు. ఓట్లప్పుడు అందరు దండం పెడ్తరు. నాకైతే పాణం ఇసికిపోయింది. ఇగ పోతా."

షామియానా ఊగిపోయేలా చప్పట్లు పడ్డాయి. అధికార పక్షం మనిషి తన నోటితో తాను ఇంత నిజం చెప్పడం ఆ కాలనీ ఎప్పుడూ వినలేదు. గంగాధరరావు కళ్లద్దాలు తీసి కళ్లొత్తుకున్నాడు. "ఆ భాష చూశారా, ఎంత సహజంగా వస్తోందో! మనం ఇక్కడ ముప్పై ఏళ్లుండీ నేర్చుకోలేకపోయాం," అంది విజయదుర్గ.

ఇక మిగిలింది గడ్డపార. రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టి పెట్టారు. నాయకులైతే దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నేలకు ఆనించి కెమెరా వైపు చూస్తారు. అంతకుమించి ఎవరూ ఆశించరు. కానీ యోబువి నల్గొండ పల్లెలో పుట్టి, బావులు తవ్విన చేతులు. గడ్డపార చేతికిస్తే దానితో ఇంకేం చెయ్యాలో అతనికి తెలియదు. త్వరగా అయిపోతే చర్చికి పోవచ్చు కదా అన్న తొందర కూడా ఉంది. కాళ్లు ఎడంగా పెట్టి, ఎత్తి, బలంగా రెండు పోట్లు వేశాడు. మూడో పోటుకు నేల లోపల ఏదో పగిలింది. నీళ్లు కొబ్బరిచెట్టు ఎత్తున లేచాయి.

ముందు వరస కుర్చీలు వదిలి పరుగెత్తింది. డప్పులు ఆగిపోయాయి. ఫ్లెక్సీ తడిసి, వంగి, రామమోహనరావు మొహంతో సహా బురదలో బోర్లా పడింది. ఉన్న ఒక్క ఆధారం అలా నీళ్లపాలైంది. యోబు నిలువునా తడిసి, మెళ్లో దండతో, చేతిలో గడ్డపారతో, "తప్పయిపోయింది, తప్పయిపోయింది," అంటున్నాడు.

అప్పుడు జనంలోంచి ఒక యువకుడు పరుగెత్తుకొచ్చాడు. చేతులు నలుపుకుంటూ, "సారీ సార్! మా మ్యాపులో ఇక్కడ పైపు లేదు సార్. ఉండకూడదు సార్, అసలు!" అన్నాడు. అతను వంశీకృష్ణ, ఆ ఏరియా ఇంజనీరు. గుట్టకింద బస్తీ కూడా అతని కిందిదే. యోబు అతన్ని చూడగానే గుర్తుపట్టాడు. గుంత గురించి ఎన్నిసార్లు పోయి అతని బల్ల ముందు నిలబడలేదు! వంశీకృష్ణ మాత్రం యోబును గుర్తుపట్టలేదు. ఆ నిలబడ్డ రోజుల్లో అతను ఫోనులోంచి తల ఎత్తి ఉంటే గుర్తుండేవాడేమో.

"నాది తప్పు సార్," అన్నాడు యోబు.

"లేదు సార్, మాదే సార్."

"నేనే పొడిచిన గద."

"సార్, దయచేసి పెద్దవాళ్లకి చెప్పకండి సార్. పోయిన నెలే ఒకాయన్ని అడవుల్లోకి బదిలీ చేశారు. మీకు ఏ పనున్నా చెప్పండి, ఇప్పుడే చేయిస్తాను." వంశీకృష్ణ మొహంలో రక్తం లేదు.

యోబు నోరు తెరిచాడు. తాను ఎవరో చెబుదామనే తెరిచాడు. అంతలో గడపలో తెల్లచీరతో కూర్చున్న తల్లి కళ్ల ముందు మెదిలింది. ఈ మనిషి ముందు తన పేరుతో నిలబడితే ఇన్ని నెలల్లో ఒక తట్ట మన్ను రాలలేదు. ఎవరిదో పేరుతో నిలబడితే పనేంటని అడుగుతున్నాడు. బాధనిపించింది. అంతకంటే ఎక్కువగా ఆశ పుట్టింది. ఆశ పుట్టి ఎన్నాళ్లయిందో, అందుకే దాన్ని ఆపడం అతనికి చేతకాలేదు.

"గుట్టకింద బస్తీల ఒక గుంత ఉన్నది," అన్నాడు. "ఒక ముసలమ్మ బయటికి రాలేకపోతున్నది."

వంశీకృష్ణ అప్పటికే ఫోను చెవికి పెట్టాడు. గోదావరి ఎన్‌క్లేవ్ కోసం తెచ్చిన జేసీబీ, మట్టి నింపిన టిప్పరు, రెండూ కదిలి ఎల్‌బీ నగర్ దారి పట్టాయి. ఇడ్లీ ముగించిన శాంసన్‌ను యోబు పక్కకు పిలిచాడు. "వాటి ఎంబడి పో. గుంత పూడంగనె అవ్వను కారెక్కించుకొని రా," అన్నాడు. అని, తడిసిన బట్టలతో, దండ, శాలువా తీసి చేతిలో పట్టుకుని, నీళ్లల్లోంచి చర్చి వైపు నడిచాడు.

చర్చిలో అప్పటికి వాక్య ప్రసంగం నడుస్తోంది. వెనక వరసలో, ఫ్యాను కింద నిలబడి యోబు ఒళ్లు ఆరబెట్టుకున్నాడు. ప్రసంగం ఎంత పొడుగైతే అంత మంచిదని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోరుకున్నాడు. పాస్టరుగారు కూడా ఆ రోజు అతని కోరిక మన్నించారు. ప్రసంగం అయ్యాక పాట మొదలైంది. పాట రెండో చరణంలో ఉండగా గుమ్మం దగ్గర కర్ర చప్పుడు వినిపించింది.

లింగమ్మ వచ్చింది. సాధన పక్కనే ఉన్నా ఆమె చెయ్యి పట్టుకోలేదు. ఒక్కో అడుగు వేసుకుంటూ, దారిలో కనిపించిన వాళ్లందరికీ "వందనాలు బిడ్డా" అని చెప్పుకుంటూ, ముందు వరస దాకా నడిచి తన పాత చోట కూర్చుంది. ఆడవాళ్లు కొందరు ఏడ్చారు. యోబు పళ్లెం పట్టుకోవడానికి ముందుకు వెళ్లి నిలబడ్డాడు.

పాస్టరుగారు బల్ల మీది తెల్లగుడ్డ తీసి, ప్రతి నెలా చెప్పే మాటే చెప్పారు. ఎవరిని వాళ్లు పరీక్షించుకోండి. ఎవరి దగ్గరైనా అబద్ధమాడి ఉంటే, ఎవరినైనా మోసం చేసి ఉంటే, ముందు పోయి వాళ్లతో సమాధానపడి, తర్వాతే ఈ రొట్టె ముట్టండి. ఆ మాట యోబు చిన్నప్పటి నుంచి వింటున్నాడు. ఎప్పుడూ వెనక వరసలో వినేవాడు. పళ్లెం ముందు నిలబడి వింటే అది వేరేగా వినబడింది.

తల్లి వైపు చూశాడు. ఆమె కళ్లు మూసుకుని ఉంది. "అయ్యగారూ, జర ఒక్క అయిదు నిమిషాలు," అని పాస్టరుగారి చెవిలో చెప్పి, వెనక వరసలో పెట్టిన దండ, శాలువా తీసుకుని బయటికి పరుగెత్తాడు. సంఘం మరో పాట ఎత్తుకుంది.

గోదావరి ఎన్‌క్లేవ్‌లో వంశీకృష్ణ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పగిలిన పైపుకు సైకిలు ట్యూబు చుట్టిస్తున్నాడు. గంగాధరరావు, విజయదుర్గ గొడుగు కింద నిలబడి ఉన్నారు. యోబు వాళ్ల ముందుకు పోయి చేతులు జోడించాడు.

"సార్, నేను రామమోహనరావును గాను. నా పేరు యోబు. కోచింగ్ సెంటర్ల కరెంటు పని చేస్త. పొద్దుగాల చెప్తమని చూసిన. మీరు ఇనలె. తర్వాత ఇనే టైమొస్తే నేను చెప్పలె. అది నాదే తప్పు."

ముందు తేరుకున్నది వంశీకృష్ణ. "మరి ఆ బస్తీ గుంత?"

"మా ఇంటి ముందటిదే సార్. మీ ఆఫీసుకు చానసార్లు ఒచ్చిన."

"నేనెప్పుడూ చూళ్లేదే!"

"అవును సార్. మీరు చూడలె."

గంగాధరరావు మొహం కందగడ్డలా అయింది. పొద్దుటి నుంచి 'మీరు' అన్న మనిషి ఒక్కసారిగా దిగిపోయాడు. "ఏమయ్యా, సిగ్గులేదూ? ఆ శాలువా ఇలా తే. దండ ఏదీ? అసలాయన ఎల్‌బీ నగర్ దాటారట, ఇప్పుడే ఫోనొచ్చింది!" యోబు శాలువా మడిచి ఇచ్చాడు. దండలో పూలు కొన్ని రాలిపోయాయి. గంగాధరరావు మిగిలినవాటిని దగ్గరికి జరిపి, దులిపి, అసలాయన కోసం పళ్లెంలో పెట్టించాడు.

"ఉపన్యాసం మాత్రం చాలా బాగుందండీ," అంది విజయదుర్గ, అధ్యక్షుడు కాస్త అటు పోయాక. ఆమె ఒక్కతే ఇంకా 'అండీ' అంటోంది.

యోబు తిరిగి చర్చికి వచ్చేటప్పుడు ఒళ్లు తేలికగా అనిపించింది. తిట్లు తిన్నా పరవాలేదు, చెప్పాల్సింది చెప్పేశాడు. పళ్లెం పట్టుకుని మొదటి వరసలోకి వెళ్లాడు. లింగమ్మ కళ్లు తెరిచి, రొట్టె తీసుకుంది. వానలకు ముందు తీసుకున్నది, మళ్లీ ఇప్పుడే. కొడుకు తడిచొక్కా వంక చూసి, "గిదేందిరా, బాప్తిస్మం గూడ మళ్ల తీసుకున్నవా?" అని గొణిగింది. యోబుకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మధ్యాహ్నం సంఘంలోనే భోజనాలు చేశారు. లింగమ్మ ఇన్ని నెలల కబుర్లూ ఒక్కపూటలో చెప్పింది, విన్నది. శాంసన్ కారు ఓనరింట్లో పెట్టేయాల్సి వచ్చి వెళ్లిపోయాడు. పొద్దువాలుతుండగా ముగ్గురూ ఆటో ఎక్కారు. గల్లీ దాకా బండి పోతుందని ఈసారి సాధనే ధీమాగా ఆటోవాడికి చెప్పింది.

ఆటో గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. ముందు జేసీబీ ఉంది. పొద్దున పోసిన మట్టిని తోడి టిప్పరులోకి ఎత్తుతోంది. యోబు ఇంటి గడప ముందు గుంత ఎప్పటిలా నోరు తెరుచుకుని ఉంది. ఇంకాస్త లోతుగా కూడా కనిపించింది. బస్తీవాళ్లు పాత చెక్క వెతికి తెచ్చి పక్కన పెట్టుకున్నారు. వంశీకృష్ణ జేసీబీ పక్కన నిలబడి ఉన్నాడు. ఈసారి తల ఎత్తి యోబును చూశాడు.

"ఏమనుకోకండి," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, యోబు గొంతులో ఉండేలాంటి అలసటే ఉంది. "ఈ మట్టి గోదావరి ఎన్‌క్లేవ్‌ది. అసలాయన వచ్చి లెక్కడిగారు. పైగా ఇక్కడ పైపు పడలేదు కదా, పడకుండా పూడిస్తే నేను పొరపాటు చేసినట్టవుతుంది."

"మరి పైపు ఎప్పుడు పడుతది సార్?"

"అది నా కింద లేదండి."

లింగమ్మ ఆటోలోంచి దిగి, గుంతనూ దాని అవతల తన గడపనూ చూసింది. ఇన్నాళ్లూ ఇంట్లోంచి బయటికి ఎలా పోవాలన్నది సమస్య. ఇప్పుడు బయటి నుంచి ఇంట్లోకి ఎలా పోవాలన్నది. కిరాణా కొట్టువాళ్లు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. ఆమె కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎత్తుకుంటనే అవ్వా," అన్నాడు యోబు.

"చెప్పిన గద, సచ్చినంక అని. ఈడ్నే కూసుంట." జేసీబీ వంక చూసి అడిగింది. "పొద్దుగాల పోసిన్రు, ఇప్పుడు తీస్తున్రు. ఎందుకురా?"

"పొరపాటున పోసిన్రంట."

ఏ తప్పునైనా అదే రోజు దిద్దుకున్న ఆఫీసును యోబు తన జన్మలో అదే మొదటిసారి చూడటం.